కొసరు

టోంగ్యోంగ్ రేవులో
తెల్లారకముందే ఆల్చిప్పల వాసన తలుపులు తడుతుంది.
క్వాక్ మల్సున్ అవ్వ పొయ్యి వెలిగిస్తుంది.
ఆమె గరిటెకి తూకం రాదు,
ముఖాలు చదవడం వచ్చు.
రాత్రంతా వల లాగినవాడికి నూడుల్స్ ఇంకో పిడికెడు.
ఎవరితోనూ మాట్లాడకుండా
గోడవైపు తిరిగి తినేవాడికి
అడక్కుండానే రెండు గుల్లలు.

దాన్ని వాళ్ళు దోమ్ అంటారు.
నా నోటికి తెలిసిన మాట కొసరు.
వంకాయలు తూచాక, లెక్క ముగిశాక,
సంచిలోకి విసిరిన కరివేపాకు రెబ్బ.
అసలుకన్నా అదే ముద్దు.
అమ్మినవాళ్ళ చేతినుంచి కొన్నవాళ్ళ చేతికి, ఎప్పుడూ అటే,
పల్లానికి నీళ్ళలాగా.

మలుపులో కొత్త కాఫీ కొట్టువాళ్ళు
ఆ నీళ్ళని ఎదురెక్కిద్దామనుకున్నారు.
గల్లా పక్కన గాజు సీసా.
దానిమీద గులాబీ కాగితం: "మీ మనసు".
వారం తర్వాత చూస్తే అందులో
మూడు నాణేలు, ఒక కోటు గుండీ,
తగలని లాటరీ టికెట్టు.

తర్వాత నామ్‌గుంగ్ వచ్చాడు, కార్డు మిషన్లు అమ్మే కుర్రాడు.
మిషను తనే తల తిప్పి అడుగుతుందట,
పదా, పదిహేనా, ఇరవయ్యా అని.
అవ్వ కళ్ళజోడు పెట్టుకుంది.
"అడుగున చీమంత ఉంది, ఇదేంటి బాబూ?"
"'వద్దు' అని, అమ్మమ్మా."
"ఇంత చిన్నగా ఎందుకు రాశారు?"
నవ్వాడు. పెద్ద దేశాల్లో అంతేనన్నాడు.
అక్కడ జీతం కాస్తే, మిగతాది తిన్నవాళ్ళే ఇస్తారన్నాడు.
"మరి యజమాని ఏమిస్తాడు?"
కుర్రాడు కాసేపు ఆలోచించాడు.
"మిషనిస్తాడు."

వెనకాల గిన్నెలు తోమే దోగ్యోంగ్ మాత్రం నవ్వలేదు.
తొమ్మిది వేల వోన్ల సూపు, నూటికి పదిహేను,
రోజుకి అరవై గిన్నెలు:
చేతిమీద నురగ ఆరేలోపు హెచ్చవేశాడు.
ఎనభై ఒక్క వేలు.
ఇరవై అయిదో తారీఖున గది అద్దె.

అతన్ని నేను తప్పుపట్టలేను.
"మా దేశంలో టిప్పులు లేవు" అని ఛాతీ విరిచే నోళ్ళే
జీతం మాటెత్తితే
వేడి సూపు ఊదుకుంటాయి.
అయినా ఆ మిషను వస్తే
గోడవైపు తిరిగి తినేవాడి బల్ల దగ్గరికి
ఎవరు ముందు వెళ్తారు?
ఆ 'వద్దు' మీద వేలు పెట్టక తప్పనివాడు
రెండోసారి ఈ గుమ్మం ఎక్కుతాడా?

అవ్వ మిషను కొనలేదు.
మర్నాడు గోడమీద తొమ్మిది వేలు కొట్టేసి
తొమ్మిది వేల అయిదు వందలు రాసింది, లావు అక్షరాలతో.
ఆ అయిదు వందలూ గిన్నెలు తోమే చేతులకంది.
చేపల వేలంపాట గుమాస్తా అలిగి
ఎదురు కొట్టుకి మారిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఒక వాన రాత్రి, ఎవరో పరదేశీ నావికుడు
గిన్నె కింద యాభై వేల నోటు మడిచిపెట్టి వెళ్ళాడు.
మర్చిపోయాడనుకుని దోగ్యోంగ్ వెనకే పరుగు తీశాడు.
మంచు గోదాము దాటాడు, తాళ్ళ కుప్పలు దాటాడు.
పడవ ఇంకా కట్టే ఉంది.
పరుగెత్తగలిగినంత వేగంగా
పరుగెత్తలేదు.
ఆ సంగతి వానకీ అతనికీ తెలుసు.

తడిసిన నోటు గల్లామీద పరిచాడు.
అవ్వ ఏమీ అడగలేదు.
తెల్లారి బజారులో గుల్లలు రెండు బుట్టలు ఎక్కువ కొంది.
ఆ రోజు ప్రతి గిన్నెలోనూ
లెక్కకి మించి తేలాయి.
ఎందుకో ఎవరికీ తెలీదు, ఎవరూ అడగలేదు.
గోడవైపువాడు ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు.

మధ్యాహ్నం, పెరటి మెట్టుమీద
దోగ్యోంగ్ తన గిన్నెలోవి లెక్కపెట్టుకున్నాడు.
పదకొండు.
సూపు బాగుంది.
ఇరవై అయిదో తారీఖు
ఇంకా నాలుగు రోజులుంది.